కళ్లజోళ్లాయన కుడి భుజం

కళ్లజోళ్లాయనకి యాభై ఆరేళ్లు. బజారు మలుపులో ముప్ఫై ఏళ్లుగా ఆయన దుకాణం ఉంది. ఎదుటి మనిషి ముక్కు మీద ఫ్రేము నిలబెట్టి, చెవుల వెనక సర్ది, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగడమే ఆయన బతుకు. ఆ ప్రశ్నకి అరగంటైనా జవాబు తేల్చుకోలేని వాళ్లుంటారు. వాళ్ల మీద కూడా ఆయన ఏనాడూ విసుక్కోలేదు. అంత ఓపికా ఆదివారం పొద్దున గోల్ఫ్ మైదానం గేటు దాటేసరికి ఎటు పోయేదో పోయేది.

కారణం తోడల్లుడు.

భార్య చెల్లెలి మొగుడు. ఈయనకన్నా నాలుగేళ్లు చిన్న. లిఫ్టులు బిగించే కంపెనీలో సర్వీసు మేనేజరు. ఎక్కడైనా లిఫ్టు మధ్యలో ఆగిపోతే, లోపల ఇరుక్కున్న వాళ్లతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడి ధైర్యం చెప్పడం అతని ఉద్యోగంలో భాగం. ఆ నవ్వుని ఇంటికొచ్చాక కూడా మొహం మీంచి తియ్యడని కళ్లజోళ్లాయన ఫిర్యాదు. పదకొండేళ్ల కిందట అతన్ని మైదానానికి తీసుకొచ్చింది తనే. కర్ర ఎలా పట్టుకోవాలో, కాళ్లు ఎంత ఎడంగా పెట్టాలో నేర్పింది తనే. ఆరు నెలలు నేర్పాడు. ఏడో నెలలో తోడల్లుడు ఆయన్ని ఓడించాడు.

గోల్ఫ్‌లో గెలుపోటముల సంగతి చాలా సులువు. బంతిని పద్దెనిమిది గుంటల్లోనూ వేసి రావడానికి ఎవరికి తక్కువ దెబ్బలు పడితే వాళ్లు గెలిచినట్టు. తోడల్లుడు ఎప్పుడూ ఒక్క దెబ్బ తేడాతోనే గెలిచేవాడు. మహా అయితే రెండు. ఓడిపోయినందుకు కాదు కళ్లజోళ్లాయన కడుపుమంట. ఆట అయ్యాక భుజం తట్టి "పోన్లే అన్నయ్యా, ఇవాళ నీకు కలిసి రాలేదు" అంటాడే, ఆ ఓదార్పు వినలేకపోయేవాడు.

ఆ ఆదివారం ఏడో గుంటకి వెళ్లే దారిలో ఆయన బంతి ఒక చెట్టు మొదట్లోకి దొర్లి ఆగింది. చుట్టూ ఎండుటాకులు. ఇలాంటప్పుడు ఒక దెబ్బ నష్టానికి ఒప్పుకుని, బంతి తీసి పక్కన పెట్టుకుని ఆడుకోవచ్చు. నియమాల్లోనే ఉంది. ఆయన కూడా అదే చేద్దామని వంగబోయాడు.

తోడల్లుడు నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. "తీసేసుకో అన్నయ్యా. ఒక దెబ్బ పోతే పోయింది. ఈ వయసులో రిస్కు ఎందుకు?" అన్నాడు.

ఈ వయసులో!

కళ్లజోళ్లాయన నడుము నిటారైపోయింది. బంతి వైపు చూడను కూడా లేదు, తోడల్లుడి మొహం వైపే చూస్తూ కర్ర ఎత్తాడు. బలమంతా పెట్టి దించాడు. ఆకుల కింద చెట్టు వేరు ఉంది. కర్ర దాని మీద పడి ఠంగుమని ఆగింది. ఆగనిది ఆయన ఒళ్లు మాత్రమే. కుడి భుజంలో ఏదో గుడ్డ చింపినట్టయింది. కింద కూలబడ్డాడు.

ఆసుపత్రిలో డాక్టరు స్కాను చూపించి, భుజం కీలుని పట్టి ఉంచే తాడు లాంటి కండరం సగం దాకా చిరిగిందన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదు కానీ ఆరు వారాలు చెయ్యి పట్టీలో ఉండాలి, ఆ తర్వాత వ్యాయామం, ఆరు నెలల దాకా కర్ర ఎత్తే మాట తలపెట్టొద్దు. కళ్లజోళ్లాయన అన్నీ విని తలూపి బయటికొచ్చాడు. వరండాలో కూర్చుని ఎడం చేత్తో ఫోను తీశాడు. క్లబ్బు వాళ్ల వాట్సాప్ గ్రూపులో అప్పటికే నలభై ఏడు మెసేజీలున్నాయి.

మొదటిది తోడల్లుడిది. చెట్టు కింద కూలబడి, భుజం పట్టుకుని, నోరు తెరిచి, కళ్లజోడు ఒక చెవికి వేలాడుతున్న తన ఫొటో. దాని కింద "అన్నయ్య త్వరగా కోలుకోవాలని కోరుకుందాం" అని, పక్కనే దండం పెట్టే చేతుల బొమ్మలు మూడు.

తను ఊపిరాడక గిలగిల్లాడుతుంటే అతను ఫొటో తీశాడన్నమాట. ముందు ఫొటో తీసి ఆ తర్వాతే లేవదీశాడన్నమాట.

ఇంట్లో ఇల్లాలు ఆయన పరిస్థితికి పెద్దగా కరిగిపోలేదు. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. తొమ్మిదింటికల్లా తలుపు తియ్యాలి. ఇప్పుడు ఎనిమిదింటికి మొగుడికి చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, తల దువ్వి, మెడలో పట్టీ సరిచేసి మరీ పరుగెత్తాలి.

"గడ్డం పైకెత్తండి," అంది మొదటి రోజే. "పదకొండేళ్లుగా ఆదివారం ఇంట్లో పూచికపుల్ల ముట్టుకోలేదు. ఇక వారమంతా ముట్టుకోరన్నమాట."

"నాకేమన్నా సరదానా?"

"సరదాకే కదా వెళ్లింది?"

పై గుండీ బిగుతుగా ఉందని ఆయన తగువు పెట్టుకున్నాడు.

దుకాణంలో ఇంకా అవమానం. ఎడం చేత్తో ఫ్రేము పెడితే జనం మొహాల మీద అది గోడకి వంకరగా తగిలించిన పటంలా ఉండేది. పై అరలో ఉన్నవి అందుకోలేడు. బుల్లి మరలు బిగించే స్క్రూడ్రైవరు ఎడం చేతిలో నిలవదు. పొడుగాటి మనుషులొస్తే "కాస్త వంగండి" అని బతిమాలుకోవాలి. వంగినవాళ్లు ఊరుకోరు కదా, "ఏమైంది?" అని అడుగుతారు. గోల్ఫ్ ఆడుతుంటే అంటే నవ్వుతారు. మెట్ల మీంచి పడ్డానని చెప్పడం మొదలుపెట్టాడు. ఒకావిడ "ఈ వయసులో జాగ్రత్తగా ఉండాలండీ" అంది. ఆవిడ అద్దాలు రెండు రోజులు ఆలస్యంగా ఇచ్చాడు, కావాలనే.

ఆరు వారాలు గడిచాక ఫిజియోథెరపిస్టు చేతిలో పడ్డాడు. ముప్ఫై ఏళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మాట తీరు కూడా అంతే. గోడకెదురుగా నిలబెట్టి, వేళ్లతో గోడ మీద పైకి పాకమంది. ఛాతీ ఎత్తు దాటేసరికి ఆయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంకా పైకి, సార్."

"రావట్లేదు."

"చెయ్యి రావట్లేదా, మీరు రానివ్వట్లేదా?"

ఒక రబ్బరు బ్యాండు ఇచ్చి, తలుపు గడియకి కట్టి రోజుకి మూడుసార్లు లాగమంది. ఆయన దాన్ని తీసుకెళ్లి సొరుగులో పడేశాడు. గోల్ఫ్ కర్ర పట్టే చెయ్యి రబ్బరు ముక్క లాగడమేమిటని ఆయన పౌరుషం. పది రోజుల తర్వాత వెళ్లినప్పుడు, రోజూ చేస్తున్నానని నిబ్బరంగా చెప్పాడు. ఆమె బ్యాండు అడిగి తీసుకుని, వేళ్ల మధ్య రుద్ది చూసింది.

"కొత్త బ్యాండుకి తెల్లపొడి ఉంటుంది సార్. రెండు రోజులు వాడితే పోతుంది. మీదింకా పిండిలో పొర్లించినట్టే ఉంది."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు అబద్ధం చెబితే నాకేం పోదు," అంది ఆమె, బ్యాండు తిరిగిచ్చేస్తూ. "ఆ భుజం నాది కాదు."

బయటికొచ్చి, స్కూటరు నడపలేడు కదా, ఆటో కోసం చూస్తూ ఆమెని మనసులో నానా మాటలూ అన్నాడు. డాక్టర్ని అన్నాడు. ఆ చెట్టుని, దాన్ని అక్కడ ఉంచిన క్లబ్బుని అన్నాడు. ఆ రోజుల్లో ఆయన తిట్టని మనిషంటూ లేడు. తిట్టకుండా వదిలేసింది తనని ఒక్కడినే.

ఆ శనివారం సాయంత్రం తోడల్లుడూ మరదలూ పరామర్శకని వచ్చారు. అక్కచెల్లెళ్లిద్దరూ లోపలికి వెళ్లి మాటల్లో పడ్డారు. మగవాళ్లిద్దరూ ముందుగదిలో టీ కప్పులు పట్టుకుని కూర్చున్నారు. ఒకాయన ఎడం చేత్తో.

"నువ్వు లేకపోతే బోరుగా ఉందన్నయ్యా," అన్నాడు తోడల్లుడు. "పళ్ల డాక్టరుతో ఆడుతున్నా. జోడీల పోటీకి కూడా ఆయనతోనే పేరిచ్చా. నీకేం ఇబ్బంది లేదుగా?"

ఏటా ఆ పోటీకి వీళ్లిద్దరూ జోడీగా ఆడేవాళ్లు. కళ్లజోళ్లాయన టీ ఒక గుక్క తాగి, "ఇబ్బందేముంది!" అన్నాడు.

"అయినా ఏమన్నా దెబ్బా అన్నయ్యా అది! వేరేమో నా మణికట్టంత లావుంది. దాని మీద కొట్టాక భుజం ఉండటమే గొప్ప."

కళ్లజోళ్లాయన కప్పు బల్ల మీద పెట్టాడు. "వేరు నీకు కనబడిందా?"

"కనబడకపోవడమేంటి? నేనున్న వైపు ఆకులు లేవుగా."

"నేను కొట్టక ముందే కనబడిందా?"

తోడల్లుడి నవ్వు కాస్త సన్నబడింది కానీ పూర్తిగా పోలేదు. "తీసేసుకోమని చెప్పా కదన్నయ్యా."

"వయసు గురించి చెప్పావు. వేరుందని చెప్పలేదు."

"చెబితే వింటావా నువ్వు?"

లోపల్నించి ఆడవాళ్ల నవ్వులు వినబడుతున్నాయి. కళ్లజోళ్లాయనకి అప్పుడు అర్థమైంది. వేరుందని ఒక్క మాట అంటే తను కర్ర దించేసేవాడు. వయసు మాటెత్తితే మాత్రం దించడు. పదకొండేళ్లు కలిసి ఆడిన మనిషికి ఆపాటి తెలియదా? తెలిసే అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన రబ్బరు బ్యాండు మీద పడ్డాడు. రోజుకి మూడుసార్లు చెయ్యమంటే ఆరుసార్లు చేశాడు. తలుపు గడియ వదులైపోయింది. గోడ మీద సున్నం వేళ్ల గుర్తులతో నల్లబడింది. పళ్లు బిగించి లాగుతుంటే కళ్ల ముందు ఒకటే మొహం. ఇల్లాలు కాసేపు చూసి, "ఏవండీ, వ్యాయామం చేస్తున్నారా, ఎవరి పీకైనా పిసుకుతున్నారా?" అంది.

"రెండూ."

ఫిజియోథెరపిస్టు కూడా గమనించింది. చెయ్యి కంటి ఎత్తు దాటింది. "ఈ వారం మీ భుజాన్ని ఎవరో గట్టిగా కోప్పడ్డట్టున్నారు," అంది. మెచ్చుకుంటోందనుకుని ఆయన పొంగిపోయాడు. ఆ పొంగులోనే కొంప ముంచుకున్నాడు. ఓ మధ్యాహ్నం దుకాణం వెనక గదిలో, అద్దాలు అరగదీసే మిషను పక్కన, కర్టెను కడ్డీ తీసుకుని గోల్ఫ్ కర్రలా ఎత్తి విసిరాడు. మొదటిసారి బాగానే ఉంది. రెండోది ఇంకా బాగుంది. మూడోసారికి భుజంలో నిప్పు పెట్టినట్టయింది. మిషను పట్టుకుని నిలబడ్డాడు. అవతల కౌంటరు దగ్గర ఎవరో "ఉన్నారాండీ?" అని పిలుస్తుంటే పలకలేకపోయాడు.

"మూడు వారాలు వెనక్కి," అంది ఫిజియోథెరపిస్టు. ఈసారి అబద్ధం చెప్పలేదాయన. కర్టెను కడ్డీ సంగతి కూడా చెప్పేశాడు. ఆమె నవ్వలేదు. "మీ కోపం మీ భుజం కన్నా బలంగా ఉంది సార్. అదే చిక్కు. బలహీనమైనది ఏది ఉంటే అదే తెగుతుంది."

నాలుగో నెల నిండాక చిన్న దెబ్బలకి మాత్రం అనుమతిచ్చింది. గుంట దగ్గరికి బంతిని దొర్లించుకోవచ్చు, కర్ర నడుము దాటి పైకి లేవకూడదు. క్లబ్బులో దానికోసమని ఒక సాధన పచ్చిక ఉంది, పద్దెనిమిదో గుంట పక్కనే. ఆదివారాలు ఆయన అక్కడికెళ్లి ఒంటరిగా బంతి దొర్లించుకునేవాడు. అలిసిపోతే బెంచీ మీద కూర్చునేవాడు. వచ్చేపోయేవాళ్లు "ఎలా ఉంది భుజం?" అనేవాళ్లు, ఆగకుండానే.

అలా కూర్చున్న ఒక ఆదివారమే తోడల్లుడి కాలు కనబడింది.

పద్దెనిమిదో గుంటకి ఆడుతుంటే అతని బంతి పొడుగ్గడ్డిలో పడింది. పళ్ల డాక్టరు అవతలి పక్కన తన బంతి వెతుక్కుంటున్నాడు. తోడల్లుడు నడుం మీద చెయ్యి వేసుకుని ఆకాశం వైపు చూశాడు. అలా చూస్తూనే బూటు ముందుభాగంతో బంతిని మెత్తగా జరిపాడు. గడ్డిలోంచి అది పొట్టి పచ్చిక అంచుకి వచ్చింది. అప్పుడు తల దించి, "ఆఁ, దొరికింది!" అన్నాడు గట్టిగా.

కళ్లజోళ్లాయన తన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన చేసుకున్న జోడు అది. దూరం చూపులో తప్పు లేదు. తర్వాతి ఆదివారం మళ్లీ చూశాడు. ఆ తర్వాతిది కూడా.

పదకొండేళ్లు. ఒక్క దెబ్బ, రెండు దెబ్బలు. పోన్లే అన్నయ్యా. ఎన్ని ఆదివారాలు ఇంటికొచ్చి అన్నం సరిగా తినకుండా, తన చేతుల్నీ, తన నడుమునీ, తన వయసునీ తిట్టుకున్నాడు! క్లబ్బు కార్యదర్శికి చెప్పొచ్చు, ఇల్లాలికి చెప్పొచ్చు. ఎవరికీ చెప్పలేదు. చెబితే తోడల్లుడు నవ్వేస్తాడు, అన్నయ్యకి కుళ్లు అంటాడు, అందరూ నమ్ముతారు. చెప్పడం కాదు, పట్టుకోవాలి.

జోడీల పోటీకి ఒక్కో గుంపు వెంట ఒక పరిశీలకుడు నడుస్తాడు. దెబ్బలు రాసుకోవడం, నియమాలు చూడటం ఆయన పని. ఆడలేని వాళ్లని ఆ పనికి పిలుస్తారు. క్లబ్బు కార్యదర్శి పూర్వం హైస్కూల్లో హెడ్‌మిస్ట్రెస్. కళ్లజోళ్లాయన వెళ్లి ఫలానా గుంపు కావాలని అడిగితే ఆవిడ కాగితం మీంచి తలెత్తింది.

"మీ బంధువు గుంపే కావాలా?"

"దగ్గరుండి చూడాలనుందండీ."

"మంచిది," అంది ఆవిడ. పేరు రాసుకుంది.

పోటీ రోజు తోడల్లుడు ఎదురొచ్చి మరీ పలకరించాడు. "అన్నయ్య పక్కనుంటే నాకు కొండంత ధైర్యం" అని పళ్ల డాక్టరుతో అన్నాడు. కళ్లజోళ్లాయన దెబ్బలు రాసే కాగితం బిగించిన అట్ట పట్టుకుని వెనకాలే నడిచాడు. ఒకటో గుంట, రెండోది, అయిదోది. బంతి గడ్డిలో పడిన ప్రతిసారీ ఆయన రెండడుగులు దగ్గరికి జరిగేవాడు. తోడల్లుడు ప్రతిసారీ పడిన చోటు నుంచే ఆడాడు. పైగా బాగా ఆడాడు. పదహారో గుంట అయ్యేసరికి వాళ్ల జోడీ అందరికన్నా ముందుంది. కళ్లజోళ్లాయనకి కాళ్లు పీకుతున్నాయి, భుజం సలుపుతోంది. ఆ నిజాయితీ చూస్తే ఒళ్లు మండిపోతోంది. జరుపు, జరుపు అని లోలోపల గొణుక్కున్నాడు. ఒక మనిషి తప్పు చెయ్యాలని అంత ఆత్రంగా ఆయన ఎప్పుడూ ఎదురు చూడలేదు.

పదిహేడో గుంట దగ్గర తోడల్లుడి బంతి ఒక పొద వెనక్కి పోయింది. పళ్ల డాక్టరు చాలా ముందున్నాడు. కళ్లజోళ్లాయన పొద దాకా వచ్చి, కావాలనే తల దించి అట్ట మీద ఏదో రాస్తున్నట్టు పెన్ను ఆడించాడు. కళ్లజోడు పైఅంచు మీదుగా మాత్రం చూస్తున్నాడు.

తోడల్లుడు ఒకసారి ఇటు చూశాడు. తర్వాత బూటు కదిలింది. బంతి జానెడు పక్కకి దొర్లింది. ఇప్పుడు పొద అడ్డం లేదు.

అప్పుడు చెప్పాలి. బంతి జరిపితే ఒక దెబ్బ శిక్ష, తిరిగి పాత చోట పెట్టి ఆడాలి. జరిపిన చోటు నుంచే కొట్టేస్తే రెండు దెబ్బలు. పరిశీలకుడు చూస్తే వెంటనే ఆపొచ్చు. కళ్లజోళ్లాయన నోరు తెరిచాడు కూడా. తోడల్లుడు కర్ర ఎంచుకుంటున్నాడు, గాలి చూసుకుంటున్నాడు, కాళ్లు సర్దుకుంటున్నాడు. బోలెడంత టైముంది. చెబితే వింటావా నువ్వు? ఆ రోజు అతనన్న మాటే గుర్తొచ్చి కళ్లజోళ్లాయన నోరు మూసుకున్నాడు.

తోడల్లుడు కొట్టాడు. బంతి అందంగా లేచి గుంట దగ్గర పడింది.

"రెండు దెబ్బలు కలుపుకో," అన్నాడు కళ్లజోళ్లాయన.

"దేనికి?"

"కాలితో జరిపి కొట్టినందుకు."

తోడల్లుడి మొహం మీద ఆ నవ్వు ఆరిపోవడం ఆయన మొదటిసారి చూశాడు. పదకొండేళ్ల నుంచి చూడాలనుకున్నది అదే. నవ్వు పోయాక అక్కడ ఉన్నది ఒక పెద్దవయసు మొహం. బుగ్గలు జారి, కళ్ల కింద సంచులతో. తనకీ అలాగే ఉంటాయి.

"కాలు తగిలిందన్నయ్యా," అన్నాడు.

"తగిలితే చెప్పాలి."

రెండు దెబ్బలకీ కప్పు పోయింది. ఆట అయ్యాక ఆఫీసు గదిలో కార్యదర్శి అందరినీ కూర్చోబెట్టింది. తోడల్లుడు నేల చూపులు చూస్తూ ఒప్పుకున్నాడు. ఏడాది దాకా పోటీల్లో ఆడకూడదని ఆవిడ రాసుకుంది. రాసి, పెన్ను మూత పెట్టకుండానే కళ్లజోళ్లాయన వైపు తిరిగింది.

"మీరు ఎప్పుడు చూశారు? కొట్టకముందా, కొట్టాకా?"

కొట్టాక అని చెబితే సరిపోయేది. ఎవరూ కాదనేవాళ్లు కాదు. ఎందుకో ఆయనకి ఆ అబద్ధం నోట్లోంచి రాలేదు.

"కొట్టకముందే."

"మరి ఆపలేదే?"

"ఆపాలనిపించలేదు."

పళ్ల డాక్టరు లేచి కుర్చీ వెనక్కి నెట్టాడు. "అతను జరిపాడు సరే. మీరు ఆపి ఉంటే ఒక్క దెబ్బతో పోయేది, కప్పు మాదే. మీ ఇంటి కక్షకి నన్ను బలి చేశారు," అని తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు. కార్యదర్శి కళ్లజోళ్లాయన్ని ఇకమీదట పరిశీలకుడిగా పిలవబోమని చెప్పింది. బడిలో ఇద్దరు పిల్లల్ని గోడకెదురుగా నిలబెట్టినట్టు చెప్పింది.

ఇంటికెళ్లేసరికి ఆయన కన్నా ముందు కబురు చేరింది. ఇల్లాలు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చెల్లెలు ఇక మనింటికి రానంది."

"వాడు దొంగ. పదకొండేళ్లు నన్ను మోసం చేశాడు."

"దొంగే. కాదన్నానా? దొంగతనం చేస్తుంటే చూస్తూ నిలబడ్డారట, ఆ మాట చెప్పండి నాకు."

"వాడూ నిలబడే చూశాడు, వేరు దగ్గర."

"అయితే మీ ఇద్దరికీ తేడా ఏముంది?"

ఆవిడ లేచి లోపలికి వెళ్తూ, "మీ గొడవలో నాకు చెల్లెలు లేకుండా పోయింది," అంది. ఆ రాత్రి నుంచి గుండీలు ఆయనే పెట్టుకున్నాడు. అప్పటికి చెయ్యి వస్తూనే ఉంది, కానీ ఆవిడ పెడుతుంటే పెట్టించుకునేవాడు. ఆవిడ మాట కలపడానికి మూడు వారాలు పట్టింది, అది కూడా గ్యాసు బండ అయిపోయిందని చెప్పడానికి. చెల్లెలితో మాత్రం లైబ్రరీ నుంచి ఫోన్లో మాట్లాడుతుందని ఆయనకి తర్వాత తెలిసింది. తెలిసినట్టు బయటపడలేదు.

ఎనిమిదో నెలలో ఫిజియోథెరపిస్టు చివరిసారి చెయ్యి ఎత్తించి, కొలిచి, రాసుకుంది.

"ఇంతే సార్. ఇక పైకి రాదు."

చెయ్యి చెవి దాకా వచ్చి ఆగింది. తల మీదికి వెళ్లదు.

"మరి నా ఆట?"

"ఆడండి. సగం ఊపుతో. పూర్తిగా ఎత్తి కొడితే ఈసారి ఆపరేషనే."

"సగం ఊపుతో ఆడితే అది ఆటా?"

"నాకు గోల్ఫ్ తెలీదు," అంది ఆమె.

ఆయన గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "మొదటి పది రోజులు ఆ బ్యాండు లాగి ఉంటే?"

"ఇంకో నాలుగు వేళ్లు పైకి వెళ్లేదేమో. కడ్డీ విసరకుండా ఉంటే ఇంకో రెండు. వెళ్లకపోయేదేమో కూడా. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఓదార్చలేను."

ఓదార్చనందుకు ఆయనకి ఆమె మీద మొదటిసారి కాస్త గౌరవం కలిగింది. థాంక్స్ మాత్రం చెప్పలేదు.

ఆదివారం కర్రల సంచి ఎడం భుజాన వేసుకుని క్లబ్బుకి వెళ్లాడు. ఎవరితోనైనా జతపరచమని కార్యదర్శిని అడిగాడు. ఆవిడ జాబితా ముందు పెట్టుకుని కూర్చుంది.

"మీతో ఆడతామని ఎవరూ ముందుకు రావట్లేదు. అడిగి చూశాను. తప్పు చేస్తే చెప్పకుండా కాచుకు కూర్చునే మనిషితో ఎలా ఆడతామంటున్నారు."

"ఒక్కణ్ణే ఆడతాను."

"ఆదివారం ఒంటరిగా ఆడే వీల్లేదు, మీకు తెలుసు. ఇంకొకాయన కూడా జత దొరక్క రెండు నెలలుగా తిరిగి వెళ్లిపోతున్నాడు." ఆవిడ కిటికీ వైపు చూపించింది. "మీ ఇష్టం."

మొదటి గుంట దగ్గర తోడల్లుడు కర్రకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

ఇద్దరూ పలకరించుకోలేదు. తోడల్లుడు ముందు కొట్టాడు. బంతి చాలా దూరం వెళ్లింది, కానీ పక్కకి పోయి పొడుగ్గడ్డిలో పడింది. కళ్లజోళ్లాయన నిలబడి, కర్రని నడుము దాకా ఎత్తి, అక్కడ బలవంతాన ఆపి, కొట్టాడు. తోడల్లుడి బంతి పోయిన దూరంలో మూడో వంతు కూడా పోలేదు. తిన్నగా మాత్రం పోయింది. భుజంలో చురుక్కుమంది. మొహంలో కనబడనివ్వలేదు.

"నొప్పిగా ఉందా?" అన్నాడు తోడల్లుడు.

"లేదు."

"చెమట పట్టింది."

"ఎండకి."

తన బంతి దగ్గరికి వెళ్లకుండా కళ్లజోళ్లాయన తోడల్లుడి వెంట గడ్డిలోకి నడిచాడు. బంతికి రెండడుగుల ఎడంలో నిలబడి, చేతులు కట్టుకోబోయి, కుడి భుజం కలుక్కుమంటే ఎడం చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. అతని బూట్ల వైపే చూశాడు. తోడల్లుడు ఆ చూపుని కాసేపు భరించాడు.

"ఆటంతా ఇలాగే చూస్తావా?"

"ఆటంతా."

"నీ బంతి దగ్గరికి నేనూ వస్తా."

"రా. వేరుంటే చెప్పు."

తోడల్లుడు కాళ్లు సర్దుకుని కొట్టాడు. గడ్డి చుట్టుకుని కర్ర తిరిగిపోయింది. బంతి పదడుగులు గెంతి మళ్లీ గడ్డిలోనే పడింది.

"రెండో దెబ్బ," అన్నాడు కళ్లజోళ్లాయన. ఇద్దరూ దాని వెనక నడిచారు.